గృహయంత్రములు: గొలుసును గాచు బోల్టులు



మన అవ్వల కాలమున గృహిణి తన యింటిలోని యంత్రములను గుఱించి కొంతవఱకు తెలిసియుండెడిది. తిరుగలి రాయి నున్నబడినచో గంట్లు పెట్టింపవలెననియు, బావిగిలక కిఱ్ఱుమన్నచో ఇరుసునకు చమురు వేయవలెననియు, కుట్టుమిషను దారము తెంపుచున్నచో ఏ మరను ఎంత త్రిప్పవలెనో, ఏ మర జోలికి పోరాదో ఆమెకు తెలియును. తిరుగలికి గంట్లు పెట్టుట వేఱొకరి వృత్తియే. ఐనను అది ఎప్పుడు పెట్టింపవలెనో, పెట్టినది సరిగా నున్నదో లేదో నిర్ణయించునది గృహిణియే. నేడు మన వాకిట నిలిచియున్న యంత్రములలో మిక్కిలి వెలగలది కారు. దాని విషయమున మాత్రము "అది మెకానిక్కు చూచుకొనును" అని మనము తప్పించుకొనుచున్నాము. తప్పించుకొనుటవలన వ్యయము తప్పదు. ఒక్కొకప్పుడు ప్రమాదమును తప్పదు.

ఈ మాసమున మాటాడదలచినది కారు ఇంజనులోని గొలుసును గుఱించియు, ఆ గొలుసును దారి తప్పకుండ కాచు చిన్న బోల్టులను గుఱించియు. ఇంత సూక్ష్మవిషయము మనకేల యని తలపకుడు. చిటికెన వ్రేలంత లావైనను లేని బోల్టు ఒకటి పొరపాటున ఊడినచో ఇంజను మొత్తము పాడగుట కలదు. ఆ పొరపాటు జరుగుట సులభము. వెంటనే తెలిసికొన్నచో దిద్దుకొనుటయు తఱచుగా సులభమే. తెలియకపోవుటయు, తెలిసియు దాచుటయు, ఈ రెండే పెద్ద నష్టమునకు మూలములు.

హైదరాబాదు నగరమునకు పడమటనున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములలో నివసించు సోదరీమణులకు ఈ విషయము మిక్కిలి దగ్గఱది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అంతకుముందు ఆ తావులు చాలవఱకు గుండ్రాళ్ల గుట్టలు, తుప్పలు, చెఱువులు. నేడు అక్కడ అద్దాల మేడలు, వాని నడుమ కార్ల బారులు. 2019వ సంవత్సరమున మెట్రో రైలు హైటెక్ సిటీకిని, పిమ్మట రాయదుర్గమునకును వచ్చినది. 2020వ సంవత్సరము సెప్టెంబరు మాసమున దుర్గము చెఱువుపై తీగల వంతెన తెఱవబడినది. ఐనను వీధులలో కార్లు తగ్గినట్లు కానరాదు.

అనేక గృహములలో రెండు కార్లున్నవి. క్రొత్తది కార్యాలయమునకును, దూరప్రయాణములకును పోవును. పాతది పిల్లల బడికి, కూరగాయలకు, వైద్యశాలకు, అమ్మాయి డ్రైవింగు నేర్చుకొనుటకు మిగులును. ఉద్యోగినులైన సోదరీమణులలోను పలువురు మొట్టమొదట తమ సొమ్ముతో కొనునది ఇతరులు వాడి విడిచిన కారే. కావున పాత కారు పెక్కిండ్లలో స్త్రీల కారు. దాని యోగక్షేమములు మనము తెలిసికొనక యెవరు తెలిసికొందురు?

మొదట గొలుసు చేయు పనిని చూతము. మీ కుట్టుమిషనును స్మరింపుడు. పైనుండి సూది దిగి లేచుచుండగా, క్రింద బాబిను దగ్గఱి కొక్కెము తిరిగివచ్చి దారపు ఉచ్చును అందుకొనవలెను. ఆ పొందిక రవంత తప్పినచో కుట్టు తప్పును; మఱింత తప్పినచో సూది కొక్కెమునకు తగిలి విఱుగును. కారు ఇంజనులో జరుగునదియు ఇట్టిదే. క్రింద క్రాంకు షాఫ్టు అను ఇరుసు కలదు. పిస్టనులు పైకి క్రిందికి ఆడుచు దానిని త్రిప్పును. పైన క్యాము షాఫ్టు అను మఱియొక ఇరుసు కలదు. గాలిని లోనికి రానిచ్చు వాల్వులను, పొగను వెలికి పోనిచ్చు వాల్వులను అది తెఱచుచుండును. ఈ రెండు ఇరుసులను కలుపునదే టైమింగ్ చైను అను గొలుసు. క్రింది ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి పై ఇరుసు సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. అందుకొఱకే పై చక్రమునకు క్రింది చక్రముకంటె రెండింతల పండ్లుండును.

ఇంజను నిమిషమునకు 2,400 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 20 మారులు తెఱచుకొని మూసికొనును. చాల ఇంజనులలో, ఇప్పుడు వాల్వు దిగిన చోటికే కొంత తడవునకు పిస్టను వచ్చును. ఇద్దరు కోడండ్రు ఒకే రోట రెండు రోకళ్లతో దంచుట వంటి పని యిది. వంతు తప్పనంతవఱకు పోటుమీద పోటు అందముగా పడుచుండును. వంతు తప్పినచో రోకలికి రోకలి తగులును. గొలుసు చక్రపు పండ్లపై కొన్ని కన్నులు దాటి జరిగినచో, తెఱచియున్న వాల్వును పిస్టను గ్రుద్దును, వాల్వు వంగును. అప్పుడు ఇంజను శిరస్సును దింపక గతి లేదు.

ఈ గొలుసునకు ఒక చరిత్ర కలదు. నేడు సైకిళ్లలోను, యంత్రములలోను కనబడు రోలరు గొలుసును 1880వ సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరునందు హాన్స్ రెనాల్డు అను యంత్రకారుడు కల్పించెను. మన పెద్దలకు పరిచితమైన అంబాసిడరు కారునందు చిరకాలము వాడబడిన 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనులోను, ప్రీమియర్ పద్మిని కారునందలి 1,089 ఘన సెంటీమీటర్ల ఇంజనులోను క్యాము షాఫ్టు శిరస్సున గాక క్రిందనే, క్రాంకు షాఫ్టునకు చేరువగా నుండెడిది. కావున గొలుసు పొట్టిది; దానికి పెద్ద కాపు అక్కఱ లేదు. 1983వ సంవత్సరము డిసెంబరులో మారుతీ 800 కారు వచ్చినది. దానిలో క్యాము షాఫ్టు పైకెక్కినది. గొలుసునకు మాఱుగా రబ్బరు బెల్టు వచ్చినది. పిమ్మట 2007వ సంవత్సరమున వచ్చిన స్విఫ్టు డీజిలు కారులోని 1.3 లీటరు ఫియట్ ఇంజనునందును, 2008లో వచ్చిన ఏ-స్టార్ కారులోని కె-సిరీస్ ఇంజనునందును మరల గొలుసు కానవచ్చినది. ఈ మారు ఆ గొలుసు అడుగునుండి శిరస్సువఱకు ప్రాకునంత పొడుగుగలది. ఆ కాలపు కార్లు నేడు 15 సంవత్సరములు నిండి, రవాణా శాఖవారివద్ద రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొను వయస్సునకు వచ్చియున్నవి. వానినే మనము పాత కార్లని పిలుచుచున్నాము.

కావున ప్రతి గృహిణియు తన కారును గుఱించి మొదట అడిగి తెలిసికొనవలసినది ఒక్కటే: "మాది బెల్టా, గొలుసా?" బెల్టైనచో అది సాధారణముగా పొడిగా తిరుగునది, కారుతో ఇచ్చిన పుస్తకములో వ్రాసిన గడువునకు దానిని మార్పించితీఱవలెను. గొలుసైనచో అది ఇంజను ఆయిలులో తడియుచు తిరుగునది. దానికి సాధారణముగా గడువు చెప్పరు. గడువు లేదని చెప్పుట చావు లేదని చెప్పుట కాదు.

పొడుగైన గొలుసు వదులు తాడువలె ఊగులాడును. బావిలో చేద తోడునప్పుడు తాడు గిలకపై నిలువక ప్రక్కకు జాఱుట మీరెఱిగినదే. గొలుసట్లు జాఱకుండ దాని యిరుప్రక్కల పట్టెలు అమర్చబడియుండును. వీనిని మెకానిక్కులు గైడులందురు. లోహపు పట్టెపై నైలాను వంటి గట్టి ప్లాస్టిక్కు తొడుగుండును. గొలుసు దానిమీద నూనె జిడ్డుతో జాఱుచు పోవును. బిగువుగా నుండు ప్రక్కనున్న గైడు కదలనిది. వదులుగా నుండు ప్రక్కనున్న గైడు ఒక కొనను మాత్రము కీలుపై నిలిచి, తలుపు రెక్కవలె రవంత ఆడునది. దానిని వెనుకనుండి నెట్టుచు గొలుసును బిగువుగా నుంచునది టెన్షనరు. చాల ఇంజనులలో ఈ టెన్షనరు ఆయిలు ఒత్తిడిచేతనే పనిచేయును. కొన్నింటిలో దానికి రంపపు పండ్ల వంటి అడ్డు కూడ కలదు: ఒక మారు ముందునకు వచ్చిన కడ్డీ తనంత తాను వెనుకకు పోదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఇక బోల్టుల సంగతి. గైడులను నిలుపు బోల్టులు చాల ఇంజనులలో ముందుమూత లోపలనే దాగియుండును. మూత తీయనిదే వాని జోలికి ఎవరును పోలేరు. కొన్ని ఇంజనులలో మాత్రము వాని తలలు వెలుపలికే కనబడును. కొన్నింటిలో ఒక చిన్న బిరడాను విప్పినంతనే చేతికందును. కొన్ని పాత మెర్సిడెస్-బెంజ్ ఇంజనులలో బోల్టులకు బదులు నున్నని కీలములుండును. వాని తలలోని మరకు వేఱొక బోల్టును బిగించి వెలికి లాగవలెను. వెలుపలికి కనబడు ఈ తలలే ఆపదకు ద్వారములు. ఏలయన, వానికి ప్రక్కనే ఆల్టర్నేటరును మోయు కొయ్యపట్టు వంటి ఇనుపపట్టు, నీటి పంపు, థర్మోస్టాటు మూత మొదలైనవానిని బిగించిన బోల్టులుండును. తలలన్నియు ఒక్క తీరున నుండును. పదునైదేండ్ల దుమ్ము, నూనె మడ్డి వానిపై పేరుకొని ఏది యేదో తెలియకుండ చేయును. నీటి పంపును మార్చుటకు వచ్చినవాడు, వంగి, చీకటిలో చేయి దూర్చి, తడవుకొనుచు పానా పెట్టును. ఒక బోల్టునకు బదులు వేఱొకటి కదలును. మఱికొన్ని మారులు ఆ బోల్టు చుట్టును ఆయిలు చెమర్చుచుండుట చూచి, "కొంచెము బిగించినచో కాఱుట మానును" అని బలముగా త్రిప్పుదురు. సన్నని బోల్టు మెడ తెగును. లేక అల్యూమినియము శిరస్సులోని మర కోసికొనిపోవును. ఆయిలు కాఱుట మానదు సరిగదా, గైడునకు ఆధారమే పోవును.

అట్టి బోల్టు కదలినచో ఏమగును? మూడు విధములుగా విడదీసి చెప్పెదను.

మొదటిది: బోల్టు ఒకటి రెండు చుట్లు వదులై, పూర్తిగా ఊడక, ఇంజను తిరుగక, అప్పుడే గుర్తించి మరల బిగించుట. ఇందు సాధారణముగా హాని లేదు. బోల్టు రంధ్రములోనే యున్నది గనుక గైడు తన చోటు విడువదు. గొలుసు చక్రపు పండ్లను విడువదు. ఇంజనునకు చెప్పిన కొలత ప్రకారము బిగించినచో చాలును. దీనికే మొత్తము గొలుసును, గైడులను మార్చవలెనని ఎవరైన చెప్పినచో, కారణమేమని నిలదీసి అడుగుడు.

రెండవది: బోల్టు పూర్తిగా వెలికి వచ్చుట. అప్పుడు గైడు ఒక ప్రక్కకు ఒరుగును, లేదా రవంత క్రిందికి జాఱును. గొలుసు వదులగును. ఆ వదులును చూచి టెన్షనరు కడ్డీ ముందునకు వచ్చును. పైన చెప్పినట్లు దానికి రంపపు పండ్ల అడ్డున్నచో, అది వెనుకకు పోదు. ఇప్పుడు గైడును యథాస్థానమునకు తేబోయినచో గొలుసు మితిమీఱిన బిగువై యుండును, లేక రంధ్రమునకు రంధ్రము కలియదు. కలియని రంధ్రములోనికి బోల్టును బలవంతముగా దూర్చుట వలదు. మర చెడును, చెడిన మరను బాగుచేయుట గైడును మార్చుటకంటె కష్టము. ఇట్టి స్థితిలో టెన్షనరును విప్పి, దాని కడ్డీని లోనికి సరిచేసి, మరల అమర్చవలెను. అవసరమైనచో ముందుమూతను తీయవలెను. ఇది చెట్టుక్రింద అరగంటలో ముగియు పని కాదు.

మూడవది: బోల్టు ఊడిన సంగతి తెలియక, లేక తెలిసియు దాచి, తాళపుచెవి త్రిప్పి ఇంజనును నడుపుట. కీడంతయు ఇందే. ఆధారము లేని గైడు గొలుసుతో పాటు కొట్టుకొని పగులును. గొలుసు పండ్లు దాటును. వాల్వులు వంగును. పగిలిన ప్లాస్టిక్కు ముక్కలు అడుగునున్న ఆయిలు తొట్టిలో పడి, పంపు ముఖముననున్న జల్లెడకు అడ్డుపడును. అప్పుడు ఇంజనులోని ఇతర భాగములకును నూనె అందక అవియు చెడును. ఒక్క బోల్టు పొరపాటు ఇంజను మరణమగు క్రమమిది.

కావున మీ కారువద్ద పని జరుగుచుండగా మెకానిక్కు తటాలున చేయి వెనుకకు తీసికొని, "ఇదేదో వేఱే బోల్టువలె నున్నది" అన్నచో, మీరు చేయవలసిన మొదటి పని చాల చిన్నది: తాళపుచెవిని మీ చేతికి తీసికొనుడు. ఇంజనును ఎవరును తిప్పరాదు. గేరు న్యూట్రలులో నుండవలెను. గేరులో నుండగా కారును నెట్టినను ఇంజను తిరుగును. బ్యాటరీ తీగను విప్పింపుడు. ఊడిన బోల్టును, దాని క్రింది వాషరును ఒక గిన్నెలో వేసి, ఆ చోటును ఫోనుతో ఛాయాచిత్రము తీసి యుంచుడు.

పిమ్మట మెకానిక్కు చేయవలసినది. బోల్టును మొదట వ్రేళ్లతో మాత్రమే త్రిప్పి చూడవలెను. అది వంకర లేక, అడ్డు లేక, చివరివఱకు వ్రేళ్లకే లోబడి పోయినచో గైడు చోటుననే యున్నదనుటకు మంచి గుర్తు. తరువాత బిగింపు. ఆఱు మిల్లీమీటర్ల సన్నని బోల్టులకు సాధారణముగా 10 న్యూటన్ మీటర్ల చుట్టుపట్ల బిగింపు చాలును; అనగా ఒక మీటరు పొడుగు కఱ్ఱ చివర కిలో బియ్యపు సంచి వ్రేలాడదీసినంత బలము. ఐనను ఇంజనునకును ఇంజనునకును కొలత మాఱును గనుక ఆ కారు మరమ్మతు పుస్తకములోని కొలతయే ప్రమాణము. బిగింపును కొలిచి చూపు పానా కలదు. దానిని షెడ్డులలో టార్కు రెంచి యందురు. చేతి అంచనాకు ఈ చోటు తగదు. వాషరు రాగిదైనను, అల్యూమినియముదైనను, క్రొత్తది వేయుట మేలు. లేనిచో ఆయిలు చెమర్చును.

ఇంతటితో చాలదు. స్పార్కు ప్లగ్గులను విప్పి, క్రాంకు షాఫ్టు కొననున్న పెద్ద బోల్టునకు పానా తగిలించి, ఇంజనును చేతితో మెల్లగా, అది తిరుగవలసిన దిక్కుననే, రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. రెండు చుట్లేల? క్యాము షాఫ్టు ఒక చుట్టు ముగియుటకు. వెనుకకు త్రిప్పినచో వదులు టెన్షనరు లేని ప్రక్కకు చేరి గొలుసు జాఱవచ్చును. కావున వెనుకకు త్రిప్పుట కూడదు. నడుమ ఎక్కడనైన గట్టిగా అడ్డుతగిలినచో అక్కడనే ఆగవలెను, బలము చేయరాదు. అడ్డు లేక తిరిగినచో, పై చక్రముమీదను, క్రింది చక్రముమీదను గల గుర్తులు వాని చోట్లకు మరల వచ్చినవో లేదో చూడవలెను. ఒక హెచ్చరిక: గొలుసునందలి రంగు కన్నులు రెండు చుట్లకే తిరిగి గుర్తులకు ఎదురుగా రావు, అవి అమర్చునప్పటి ఆనవాళ్లు మాత్రమే. వానిని చూచి "గొలుసు జరిగిపోయినది" అని భయపడినవారును, భయపెట్టినవారును కలరు. చక్రముల గుర్తులే సాక్ష్యము. ఇన్ని చేసినను సందేహము మిగిలినచో వాల్వు మూతను తీసి దీపముతో లోనికి చూచుట మంచిది. ఆ మూత తీయు కూలి ఇంజను వెలలో ఎంత?

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన మాట. ఈ పొరపాటును మొదట ఎఱుగువాడు దానిని చేసినవాడే. అతడు చెప్పినచో ఇంజను బ్రదుకును, దాచినచో చచ్చును. అతడు చెప్పుటయు, దాచుటయు చాలవఱకు మన ముఖమును బట్టి యుండును. పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడొకడు, "అమ్మా, నీటి పంపుదనుకొని ఈ బోల్టును విప్పితిని" అని వణకుచు చెప్పినాడనుకొనుడు. మనము గొంతెత్తి తిట్టి, కూలి యీయమని బెదరించి, యజమానిని పిలిచి అవమానించినచో ఆ కుఱ్ఱవాడు నేర్చుకొను పాఠమేమి? "మఱియొక మారు చెప్పరాదు" అని. మన కారునకు కాకున్నను, రేపు మఱియొక సోదరి కారునకు ఆ పాఠము ఫలించును. అటు గాక, "నాయనా, చెప్పి మంచి పని చేసితివి. ఎన్ని చుట్లు విప్పితివి? పూర్తిగా వెలికి వచ్చినదా? అటుపిమ్మట ఇంజను తిరిగినదా?" అని యీ మూడు ప్రశ్నలడుగుడు. మూడింటికి మూడు నిజమైన జవాబులు వచ్చినచో, పైన చెప్పిన మూడు విధములలో మనమెక్కడ నున్నామో తెలిసిపోవును. తప్పునకు పరిహారమును గుఱించి పిమ్మట యజమానితో నెమ్మదిగా, గట్టిగా మాటాడవచ్చును. దయ వేఱు, లెక్క వేఱు. రెండును ఒక యింట నుండవచ్చును. ఇంట పాలగిన్నె పగులగొట్టిన పిల్లవానిని కొట్టని తల్లికే పిల్లవాడు గాజు ముక్క కాలికి గ్రుచ్చుకొన్న సంగతి చెప్పును.

అసలు గైడులు, గొలుసు త్వరగా అరుగుటకు మఱియొక కారణము మన ప్రాంతమున కలదు. అది ట్రాఫిక్కు. సాయంకాలము బయోడైవర్సిటీ కూడలివద్దనో, సైబర్ టవర్స్ ముందునో నిలిచిన కారు ముందునకు పోదు గాని ఇంజను తిరుగుచునే యుండును. ఆయిలు మార్చుటకు మనము కిలోమీటర్ల లెక్క చూతుము. ఆ లెక్క ఇచ్చట మోసగించును. పదివేల కిలోమీటర్లను గంటకు 60 చొప్పున పోయినచో ఇంజను తిరుగునది సుమారు 167 గంటలు. అదే పదివేలు గంటకు 15 చొప్పున ప్రాకినచో 667 గంటలు. మీటరు ఒక్కటే చెప్పును. గొలుసు మాత్రము నాలుగింతల కాలము నడచినది. ఆ కాలమంతయు ఆయిలు వేడికి కాగి, మడ్డి కట్టును. మడ్డి ఆయిలు టెన్షనరు సన్నని దారులలో పోదు; గైడుల ప్లాస్టిక్కును పెళుసుచేయును. వంటనూనెను పదిమారులు కాచి వాడరాదని మనకు తెలియును. ఇంజను విషయమునను అదియే న్యాయము. కావున నగరములో తిరుగు పాత కారునకు కిలోమీటర్లు నిండకున్నను ఏడాదికొకసారి తప్పక ఆయిలును, దాని ఫిల్టరును మార్పింపుడు. పుస్తకములో కఠిన పరిస్థితులకని వేఱుగా తక్కువ గడువు చెప్పియున్నచో ఆ గడువు మనకొఱకే వ్రాయబడినదని యెఱుగుడు. నెలకు రెండు మారులు, ఇంజను చల్లగా నున్నప్పుడు, ఆయిలు కడ్డీని తీసి మట్టము చూచుకొనుడు. ఇది కందిపప్పు డబ్బా మూత తీసి చూచినంత పని.

గొలుసు తన బాధను చప్పుడుచేత చెప్పుకొనును. ఉదయమున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఒకటి రెండు సెకనులు గలగలమని, ఆయిలు ఎక్కగానే అణగినచో, టెన్షనరు ముసలిదగుచున్నదని గ్రహించి రాబోవు సర్వీసులో చూపింపుడు. ఆ గలగల అణగక, ఇంజను వేగముతో పాటు పెరుగుచున్నచో, ముఖ్యముగా ఇటీవల ఎవరైన ఇంజను ముందుభాగమున పనిచేసియున్నచో, కారును నడుపక షెడ్డునకు మోయించుకొనిపోవుటయే మేలు. ఎఱ్ఱని ఆయిలు దీపము వెలిగినచో తక్షణము ప్రక్కకు తీసి ఇంజనును ఆపుడు. "ఇల్లు దగ్గఱనే యున్నది" అని లాగుట పనికిరాదు. రాత్రివేళ కార్యాలయమునుండి ఒంటరిగా వచ్చునప్పుడు అట్లు ఆగవలసివచ్చినచో హెచ్చరిక దీపములు వెలిగించి, వెలుతురున్న చోట కారును నిలిపి, తలుపులు బిగించుకొని ఇంటికి తెలుపుడు. వేగముగా వాహనములు పోవు పెద్ద రోడ్డుపై మాత్రము కారులో కూర్చుండక, అడ్డుగోడకు ఆవల నిలుచుట క్షేమము. అవసరమైనచో 112కు ఫోను చేయుటకు సంకోచింపకుడు. ఇంజను పోయినను మనుష్యుడు క్షేమముగా నుండవలెను గదా.

"ఇవన్నియు ఆడువారు తెలిసికొనవలసినవా?" యని కొందఱు నవ్వవచ్చును. పానా పట్టుమని నేను చెప్పుటలేదు. పట్టినను తప్పు లేదు. వైద్యుడు కాని తల్లి బిడ్డ నుదుటిపై చేయి వైచి జ్వరమును గుర్తించును. వైద్యునికి ఏమి చెప్పవలెనో, ఏమి అడుగవలెనో ఆమెకు తెలియును. కారు విషయమున కావలసినది అంతమాత్రపు తెలివియే. అది యున్నచో అక్కఱలేని భాగములు మార్పించి సొమ్ము గుంజువానికిని మనము లోబడము. అక్కఱయైన మూతను తీయించుటకు లోభపడి ఇంజనును పోగొట్టుకొనము.

రేపు ఉదయము ఒక చిన్న పని చేయుడు. కారు పుస్తకమును వెదకి తీసి, మీది బెల్టో గొలుసో చూచి, ఆయిలు చివర మార్చిన తేదీని కాలెండరుపై వ్రాసియుంచుడు. షెడ్డునకు పోవునప్పుడు "మీరు విప్పబోవు బోల్టులను నాకొక్కసారి చూపుడు" అని మర్యాదగా అడుగుడు. మంచి పనివాడు ఆ మాటకు కోపింపడు. తానును మఱియొక మారు చూచుకొనును. ఆ రెండవ చూపులోనే చాల ఇంజనులు బ్రదికిపోవును.